గోదారిని గట్టు మీద నిలబడి కాపాడలేం

“నదిని కాపాడాలంటే ముందు జనాన్ని నీళ్ళకి దూరంగా పెట్టాలండీ. గట్టు మీద ఎంతసేపు కూర్చుంటారో కూర్చోమనండి. లోపలికి దిగడం మాత్రం ఆపాలి.”

ఈ మాట అన్నాయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. రాజమండ్రిలో పొద్దున్నే గట్టు మీద నడిచే మా బ్యాచ్‌లో ఆయన మాటకి విలువ ఎక్కువ. ఆ రోజు ఇక్కడి ఘాట్లని, పాత హేవలాక్ రైలు బ్రిడ్జిని పర్యాటక చోట్లుగా మార్చే అఖండ గోదావరి ప్రాజెక్టు గురించి కబుర్లు నడుస్తున్నాయి. పుష్కర్ ఘాట్ ఎలా మారబోతోంది, హేవలాక్ బ్రిడ్జి మీద ఏమేం పెడతారు, 94 కోట్లు ఏ మూలకి వస్తాయి, 2027 పుష్కరాల లోపు పనులు అవుతాయా అని. మధ్యలో ఆయన ఈ మాట అనేసరికి అందరూ తలూపారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. అక్కడే వాదించి ఉంటే పెద్దాయనతో గొడవ అయ్యేది. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. ఈ ఊరు గోదారిని ఏమాత్రమైనా కాపాడుకోగలిగితే అది రోజూ అందులో దిగేవాళ్ళ వల్లే అవుతుంది. ఘాట్లని చూసే చోట్లుగా, ఫొటోలు దిగే చోట్లుగా మార్చుకుంటూ పోయేకొద్దీ నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగేవాళ్ళు తగ్గిపోతారు. అడిగేవాళ్ళు తగ్గితే ఆ నీళ్ళకి ఏమైనా పట్టించుకునే అవసరం ఎవరికీ ఉండదు.

ఆయన మాటలో నిజం

ముందు ఆయన వైపు నుంచి చూద్దాం. ఊరికే తీసిపారేసే మాట కాదది.

2025 శివరాత్రి రోజు తాళ్ళపూడి మండలం తాడిపూడి దగ్గర స్నానానికి దిగిన కుర్రాళ్ళు 5 మంది మునిగిపోయారు. అదే ఏడాది మే నెలాఖరులో ముమ్మిడివరం మండలం కమిని దగ్గర మరో 8 మంది. ఏదో శుభకార్యానికి వచ్చి, ఎండగా ఉందని సరదాగా గోదారిలో దిగినవాళ్ళు. ఇలాంటి వార్త లేకుండా మాకు ఒక్క వేసవి కూడా గడవదు. ఇళ్ళల్లో పిల్లలకి “గోదారి వైపు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా” అని చెప్పే తల్లులని నేను తప్పు పట్టలేను.

చెత్త సంగతి సరేసరి. కార్తీకమాసంలో అరటిదొప్పలో వదలాల్సిన దీపం థర్మోకోల్ ప్లేటులో తేలుతూ పోతుంది. స్నానం చేసినవాళ్ళు షాంపూ సాచెట్లు మెట్ల మీదే పడేస్తారు. దేవుడి పటం అద్దం పగిలితే చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాదు కాబట్టి అది గోదారికి చేరుతుంది. పాత క్యాలెండర్లు, ఎండిన పూలదండలు పాలిథిన్ కవరులో మూట కట్టి మరీ బ్రిడ్జి మీంచి విసురుతారు. మూట విప్పి పూలు మాత్రమే వేస్తే ఏం పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇవన్నీ భక్తితోనో సరదాతోనో నీళ్ళ దగ్గరికి వచ్చినవాళ్ళు చేసినవే. వీళ్ళని దూరం పెడితే నది కాస్త ఊపిరి పీల్చుకుంటుందని ఇంజనీరుగారు అనుకోవడంలో న్యాయం ఉంది.

అయితే ఒకటుంది. 2015 జూలై 14న, పుష్కరాల మొదటిరోజు పొద్దున, పుష్కర్ ఘాట్ దగ్గర 27 మంది చనిపోయారు. వాళ్ళెవరినీ గోదారి ముంచలేదు. నీటి దాకా వెళ్ళకుండానే గట్టు మీద తొక్కిసలాటలో పోయారు. ప్రమాదం అనగానే మనం నీళ్ళ వైపే వేలు చూపిస్తాం గానీ, ఈ ఊళ్ళో జరిగిన అతి పెద్ద ఘోరానికి కారణం జనాన్ని గట్టు మీద నడపడం చేతకాకపోవడం.

రేవులో కనబడే మనుషులు

ఘాట్లు అనగానే టీవీలో చూపించే సాయంత్రం హారతి గుర్తొస్తుంది. తెల్లవారుజామున వెళ్తే అదే మెట్ల మీద వేరే మనుషులుంటారు. రైల్వేలో చేసి రిటైరైనాయన, ఆటో స్టాండుకి వెళ్ళే ముందు నాలుగు బారలు వేసి పోయే డ్రైవరు, పళ్ళ బండి అతను, ఒకరిద్దరు కాలేజీ కుర్రాళ్ళు. తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి యాత్రికులు వేసిన రూపాయి బిళ్ళల్ని పైకి లాగే పిల్లలు కూడా అప్పటికే వచ్చేసి ఉంటారు. పూర్వం రాగి నాణేలు వేసేవాళ్ళు, అందుకే నీళ్ళు శుభ్రపడేవి అని వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. ఇప్పటి బిళ్ళ ఉక్కుది. అయస్కాంతానికి అతుక్కోవడం తప్ప నీటికి అది చేసే ఉపకారం ఏమీ లేదు.

ఒక వేసవిలో జరిగిన సంగతి చెప్తాను. నేను మెట్లు దిగేసరికి ఆ రైల్వే ఆయన అప్పటికే బయటికి వచ్చి ఒళ్ళు తుడుచుకుంటున్నారు. “ఇవాళ పుక్కిలించకండి మాస్టారూ, రాత్రి పైన ఏదో వదిలారు” అన్నారు. నాకు తేడా ఏమీ తెలియలేదు. నీళ్ళు రోజూలాగే పచ్చగా, నిండుగా ఉన్నాయి. చేత్తో తీసుకుని వాసన చూడమన్నారు. చూస్తే ఉడికిన గడ్డి వాసనలాంటిది ఏదో సన్నగా తగిలింది. ఆటో డ్రైవరుని అడిగితే, చర్మం జిడ్డుగా ఉంది, నిన్న ఇలా లేదు అన్నాడు. ఆయన ముక్కు, ఇతని చర్మం కలిసి ఒక రిపోర్టు ఇచ్చినట్టే. దాన్ని తీసుకునే ఆఫీసు మాత్రం లేదు.

ఆ సాయంత్రం అదే ఘాట్‌కి చుట్టాలని హారతికి తీసుకెళ్ళాను. దీపాలు, పాటలు, నీటిలో లైట్ల నీడలు. మా వాళ్ళలో ఒకావిడ ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ “గోదారి ఎంత క్లీన్‌గా ఉందో చూడండి, మా ఊళ్ళో చెరువు దగ్గరికి కూడా వెళ్ళలేం” అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. గట్టు మీదనుంచి, రాత్రి వెలుతురులో, అది నిజంగానే శుభ్రంగా కనబడుతుంది.

నది గురించి సమాచారం ఎవరి దగ్గర ఉంటుందన్నదే నా పాయింటు. చూసేవాడికి నీళ్ళంటే రంగు. దిగేవాడికి వాసన, చలి, జారుడు, రుచి. కిందటి వారంతో పోల్చి చూసుకోగల జ్ఞాపకం కూడా అతని దగ్గరే ఉంటుంది.

నీరు ఆగే చోటు

పాయలుగా చీలక ముందు మా దగ్గర గోదారిని అఖండ గోదావరి అంటారు. ఆ పేరు వినగానే బయటి ఊళ్ళవాళ్ళు అదేదో ఉధృతంగా ప్రవహించేదనుకుంటారు. వరదల్లో నిజమే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటితేనే లంకల్లో జనం ఎంత అల్లాడారో చూశాం. అంత నీరు వస్తే ఏ మురికైనా సముద్రానికి కొట్టుకుపోతుంది. అందుకే ఊళ్ళో ఎవరిని కదిపినా “ఎర్రనీళ్ళు వస్తే అంతా కడుక్కుపోతుందిలెండి” అంటారు.

మరి మిగతా నెలల్లో? రాజమండ్రికి కూతవేటు దిగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో కట్టింది. ఎండాకాలం దాని గేట్లు మూసే ఉంటాయి. పైనుంచి వచ్చే సహజ ప్రవాహం సన్నగిల్లి, దాళ్వాకి, అంటే రబీ వరికి, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్ళ కోసం ఎదురుచూసే పరిస్థితి. వచ్చిన ప్రతి చుక్కా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్ళుతుంది. అంటే ఆ నెలల్లో మా ఘాట్ల ముందు కనబడేది బ్యారేజీ వెనక నిలిచిన చెరువు. పెద్ద చెరువు, అందమైన చెరువు, కానీ చెరువే. అందులోకే నల్లా ఛానల్ లాంటివి ఊరి మురుగు మోసుకొస్తాయి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో కాలుష్యం పాలైన 351 నదీ భాగాల జాబితా ఇచ్చింది. అందులో రాయనపేట నుంచి రాజమండ్రి దాకా గోదావరి ఉంది. అయిదు తరగతుల్లో ఆఖరిదానిలో వేశారు, అంటే తీవ్రత తక్కువన్నమాట. యమునతో, మూసీతో పోల్చి “మనం నయం” అనుకోవచ్చు. అలా అనుకోవడానికి చాలామంది సిద్ధంగా ఉన్నారు కూడా. నాకైతే అది ఊరట కాదు, అవకాశం అనిపిస్తుంది. ఇంకా చెయ్యి దాటలేదు కాబట్టి తక్కువ ఖర్చుతో వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఈ నీళ్ళు వెళ్ళేది ఎక్కడికి? ధవళేశ్వరం దగ్గర మొదలయ్యే కాలువల్లోకి. ఆ కాలువలు పది లక్షల ఎకరాలకి సాగునీరు ఇస్తాయని అందరూ చెప్తారు. వాటి పొడవునా ఊళ్ళు తాగేది కూడా ఆ నీళ్ళే. చెరువులు నింపుకుని, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వాటితోనే గడుపుకుంటారు.

కోనసీమలో ఉండే మా పిన్ని ఒకసారి నవ్వుతూ అంది: “మీ ఊరంతా స్నానాలు చేసి వదిలిన నీళ్ళేరా మేం తాగేది.”

“స్నానాల నీళ్ళయితే బాగానే ఉండేది పిన్నీ, వచ్చేవి అవొక్కటే కాదు” అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. తర్వాత చాలాసేపు ఫిల్టరు ఎక్కడ కొంటే మంచిదన్న విషయం మీదే మాట్లాడింది.

ఇంజనీరుగారి లెక్కలో నేను పట్టిన లోపం ఇదే. స్నానం చేసే మనిషిని మెట్ల మీంచి లేపేస్తే షాంపూ సాచెట్లు తగ్గుతాయి, ఒప్పుకుంటాను. మురుగు కాలవని లేపే అధికారం ఘాట్ వాచ్‌మన్‌కి లేదు కదా. కంటికి కనబడే చిన్న మురికి మీద కోపం చూపించి, కనబడని పెద్ద మురికిని వదిలేయడం మనకి బాగా అలవాటైపోయింది. కాలవ మూతికి ఊరు చూపించే మర్యాద కూడా చూడాలి. దాని మీద ఒక స్లాబు వేసి, ఆ పైన చిన్న పార్కు కట్టి, బెంచీలు వేస్తుంది.

పుష్కరాలు నా వాదనకి అడ్డం పడే చోటు

“దిగినవాళ్ళే కాపాడతారు” అంటున్నాను కదా, మరి పన్నెండేళ్ళకోసారి కోట్ల మంది దిగి వెళ్తున్నారే, వాళ్ళలో ఎంతమంది కాపాడారు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. భక్తితో మునిగినవాళ్ళు, ఆ మూడు మునకల కోసం రైళ్ళలో వేలాడుతూ వచ్చినవాళ్ళు, పొడి బట్టలు కట్టుకుని తడివి అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. దిగడమే ప్రేమకి కారణమైతే ఈపాటికి గోదారి ప్రపంచంలోకెల్లా శుభ్రమైన నది అయిపోవాలి.

ఘాట్‌లో పిండప్రదానాలు చేయించే ఒక బ్రహ్మగారిని అడిగాను, ఈ నీళ్ళ గురించి మీకేమైనా దిగులుంటుందా అని. “గోదారి తల్లికి మైల ఏమిటండీ” అన్నారు. అని ఆగి, “మా మనవణ్ణి మాత్రం ట్యాపు దగ్గరే స్నానం చెయ్యమంటాను, వాడికి ఒంటికి పడట్లేదు” అన్నారు. రెండు మాటలూ ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. వాటి మధ్య పేచీ ఏదీ ఆయనకి కనబడలేదు.

దీనికి నాకు తోచిన సమాధానం, రేపు మళ్ళీ రావాల్సి ఉండటం. పుష్కర యాత్రికుడు మళ్ళీ పన్నెండేళ్ళకి వస్తాడు, లేదా రాడు. అతనికి నది ఒక పుణ్యం. రోజూ ఈదేవాడికి అది తన ఇంటి పెరడు. రేపు పొద్దున తను మునిగేది అక్కడే కాబట్టి పక్కనవాడు సాచెట్టు పడేస్తే “తియ్యవోయ్” అని గదుముతాడు. ఆటో డ్రైవరు అలా గదమడం నేను చాలాసార్లు చూశాను. హారతికి వచ్చిన జనంలో ఒకరినొకరు అలా గదుముకోవడం ఎప్పుడూ చూడలేదు. అంటే దిగడం చాలదు, మాటిమాటికీ దిగాలి. నదికి భక్తులు బోలెడంత మంది ఉన్నారు. వాడుక మనుషులే కరువయ్యారు.

ఇందులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దాన్ని దాటేసి వెళ్ళలేను. నేను చెప్పే ఆ తెల్లవారుజాము మనుషుల్లో ఆడవాళ్ళు దాదాపు లేరు. మగవాళ్ళం గోచీలతో, నిక్కర్లతో దర్జాగా దూకుతాం. ఆడవాళ్ళు చీర తడుపుకుని మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకుంటారు, లేదా ముక్కు పట్టుకుని మూడు మునకలేసి వచ్చేస్తారు. బట్టలు మార్చుకునే గది ఉన్నచోట తాళం ఉంటుంది, తాళం లేనిచోట తలుపు ఉండదు. మా వీధిలో ఈత వచ్చిన ఆడపిల్లలు ఎంతమంది అని లెక్కపెట్టబోయి మానేశాను. నది పక్కన ఊరు అని చెప్పుకుంటాం, సగం మందికి నడుములోతు దాటిన నది తెలియదు. కాబట్టి నేను ముచ్చటగా చెప్తున్న ఈ వాడుక కూడా అందరిదీ కాదు. కాపాడే మనుషులు కావాలంటే ముందు ఈ తాళాలు తియ్యాలి.

చూపుల కోసం కట్టిన నదులు

నది ఒడ్డు అభివృద్ధి అనగానే మన నాయకులకి, అధికారులకి గుర్తొచ్చేది అహ్మదాబాద్‌లో సబర్మతి. రెండు వైపులా కిలోమీటర్ల కొద్దీ కాంక్రీటు గోడ, దాని మీద నడకదారి, తోటలు. ఊరి మధ్యలో నిండుగా కనబడే ఆ నీళ్ళలో ఎక్కువ భాగం నర్మద కాలువ నుంచి తెచ్చి నింపినవి. ఊరు దాటి వాసణా బ్యారేజీ దిగువకి వెళ్తే అదే నది దేశంలో అతి మురికి నదుల్లో ఒకటి. నడకదారి మీద సాయంత్రం గాలికి తిరిగేవాళ్ళకి ఆ సంగతి తెలియాల్సిన అవసరమే రాదు. ఒడ్డు బాగుపడింది, నది బాగుపడలేదు, ఫొటోలో మాత్రం రెండూ బాగున్నాయి.

హైదరాబాద్‌లో మూసీ గురించి జరుగుతున్న రభసలో నేను దిగదలుచుకోలేదు. అక్కడి ఇళ్ళ కూల్చివేతల బాధ వేరే కథ.

పారిస్‌ది మాత్రం ఇక్కడ పనికొస్తుంది. సీన్ నదిలో ఈత 1923లో నిషేధించారు. ఒలింపిక్స్ పేరు చెప్పి దాదాపు 140 కోట్ల యూరోలు పోసి మురుగు మళ్ళించి, 2025 జూలైలో మూడు చోట్ల మామూలు జనానికి ఈతకి తెరిచారు. వాళ్ళ డబ్బు మన దగ్గర లేదు, ఆ మాట నిజం. నాకు నచ్చింది డబ్బు కాదు, వాళ్ళు పెట్టుకున్న కొలబద్ద. మనిషి దిగొచ్చా లేదా అన్నదే పరీక్ష. రోజూ నీళ్ళు పరీక్షించి, బావుంటే పచ్చ జెండా, వాన పడి మురుగు కలిస్తే ఎర్ర జెండా. లైట్లు ఎన్ని పెట్టారన్నది ఆ పరీక్షలో ప్రశ్నే కాదు.

మనకీ కొలబద్ద లేకపోలేదు. బహిరంగ స్నానానికి నీళ్ళు ఎలా ఉండాలో కాలుష్య నియంత్రణ మండలి ఎప్పుడో చెప్పింది. 100 మిల్లీలీటర్లలో మలసంబంధమైన కోలిఫాం బాక్టీరియా 500 లోపు ఉండటం మంచిది, 2500 దాటకూడదు. బీఓడీ, అంటే నీటిలో మురికి కుళ్ళడానికి ఖర్చయ్యే ఆక్సిజన్, లీటరుకి 3 మిల్లీగ్రాములు మించకూడదు, కరిగిన ఆక్సిజన్ 5కి తగ్గకూడదు. ఇవేవీ రహస్యాలు కావు. అయినా వీటిని ఒక పలక మీద రాసి రేవులో పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. నీళ్ళ పక్కన పలకలు లేవా అంటే ఉన్నాయి. ఇచ్చట లోతు ఎక్కువ, సెల్ఫీలు ప్రమాదకరం, ఘాట్‌ను ఫలానావారు ప్రారంభించారు.

ఈత వచ్చినవాళ్ళు

ప్రాణాల సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఇంజనీరుగారి వాదనలో బలమంతా అక్కడే ఉంది.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అంత వరదలో బోటు వదలడమే తప్పు, అది వేరే. 26 మంది బతికి బయటపడ్డారు. వాళ్ళని ముందుగా అందుకున్నది చుట్టుపక్కల గిరిజన గ్రామాల మనుషులు, తమ చిన్న చిన్న పడవల మీద వెళ్ళి. అడుగున కూరుకుపోయిన బోటుని నెల దాటాక పైకి తీసింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనప తాళ్ళు, నీటి చాలు మీద పట్టు, ఇవే వాళ్ళ సరంజామా. నీళ్ళతో మెలిగేవాళ్ళు ఉన్నచోట ప్రమాదం జరిగితే సాయం దొరుకుతుంది. జనాన్ని నీళ్ళకి దూరం పెట్టిన ఊళ్ళో ప్రమాదం మాత్రం మిగులుతుంది, సాయం మిగలదు.

కుర్రాళ్ళని ఎంత వద్దన్నా దిగుతారు. మే నెల ఎండలో, ఎదురుగా అంత నీరు కనబడుతూ ఉంటే పద్దెనిమిదేళ్ళవాణ్ణి బోర్డు ఆపదు. వాడు దిగేది కూడా పెద్దలు ఎవరూ చూడని చోట, అంటే ఇసుక తీసి వదిలేసిన గుంటల దగ్గర. పైకి మోకాలి లోతులా కనబడి, రెండడుగులు వేసేసరికి కాలి కింద నేల ఉండదు. అక్కడ చేపలు పట్టేవాళ్ళని అడిగితే ఏ గుంట ఎక్కడుందో, ఈ ఏడు వరదకి మేట ఎటు జరిగిందో వేలు పెట్టి చూపిస్తారు. ఆ మనుషులని మనం పుష్కరాల పన్నెండు రోజులకీ గజఈతగాళ్ళ పేరుతో కూలికి పిలిచి, తర్వాత పంపించేస్తాం. పైగా ఘాట్లు కొత్తగా కట్టినప్పుడు వలలు ఆరబెట్టుకోవద్దని, పడవలు కట్టొద్దని మొదట చెప్పేది కూడా వాళ్ళకే. చాకిరేవులదీ అదే గతి.

మా అపార్ట్‌మెంటులో ఒక కుర్ర తండ్రితో ఈ మాటలే అంటే, “మా వాణ్ణి స్విమ్మింగ్ పూల్‌లో జాయిన్ చేశానండీ” అన్నాడు. మంచిదే. నీలం టైల్స్ అడుగున కనబడే నాలుగడుగుల నీళ్ళలో ఈత వస్తుంది. సుడి అంటే ఏమిటో, బురదలో కాలు దిగబడితే ఏం చెయ్యాలో, ఒరవడికి ఎదురీదకుండా వాలుగా ఒడ్డుకి ఎలా రావాలో రాదు. ఆ బిడ్డకి ఇంటి బాల్కనీలోంచి గోదారి కనబడుతుంది.

ఒక్క రేవుతో మొదలుపెట్టండి

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. పుష్కర్ ఘాట్ వదిలెయ్యండి, అక్కడ రద్దీ, రాజకీయం రెండూ ఎక్కువ. ఏదో ఒక చిన్న రేవు తీసుకోండి. ఈదదగ్గ మేర వరకు తాడు, తేలే బుంగలు కట్టండి. మత్స్యకార కుటుంబాల నుంచి ఇద్దరు ముగ్గురిని ఏడాది పొడవునా జీతమిచ్చి కాపలా పెట్టండి. తలుపు, గొళ్ళెం ఉన్న గది ఆడవాళ్ళకి కట్టండి, దాని తాళం చెవి కాంట్రాక్టరు దగ్గర ఉండకూడదు. బడి పిల్లలకి వేసవిలో అక్కడే ఈత నేర్పండి. నీళ్ళు పరీక్షించి ఆ అంకెలు పలక మీద రాయండి, జెండా ఎగరెయ్యండి. ఒక లేజర్ షో నడపడానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

ఒక చిక్కు ఉంది, దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. 2027 పుష్కరాలు జూన్ 26న మొదలవుతాయి. కిందటిసారి జూలై మధ్యలో వచ్చాయి కాబట్టి పైనుంచి నీరు దిగే వేళ అయింది. జూన్ ఆఖరంటే, ఎగువన వానలు ఆలస్యమైతే బ్యారేజీ వెనక వేసవంతా నిలవున్న నీళ్ళే. తొలి వానలకి ఊరి కాలువల్లో పేరుకున్నదంతా ఒక్కసారిగా గోదాట్లో పడే రోజులు కూడా అవే. పోలవరం దగ్గర పనులు నదిని ఇప్పటికే ఎటు తిప్పాలో అటు తిప్పుతున్నాయి కాబట్టి పైనుంచి ఎంత వదులుతారన్నది కూడా ఒకరి నిర్ణయమే. అలాంటి పొద్దున, లక్షల మంది మెట్ల మీద నిలబడి ఉండగా, పరీక్షలో కోలిఫాం 2500 దాటిందని ఎర్ర జెండా ఎగరేసే అధికారి ఎవరు? ఎగరేస్తే జనం ఆగుతారా? మళ్ళీ తొక్కిసలాట అవ్వదా? నిజం చెప్పాలంటే ఆ రోజు జెండా ఎగరకపోవడమే క్షేమం అనిపిస్తోంది. ఇలా అనిపించడం నా వాదనకి మంచిది కాదని తెలుసు.

అందుకే ఆ రోజు దాకా ఆగకూడదు. ఎవరూ చూడని మామూలు రోజున, ఏ పండగా లేని మంగళవారం నాడు, ఆ చిన్న రేవులో ఎర్ర జెండా ఎగరడం ఊరికి అలవాటు కావాలి. ఎర్ర జెండా చూసి హారతికి వచ్చినవాళ్ళకి ఏమీ అనిపించదు, వాళ్ళ కార్యక్రమం ఆగదు కాబట్టి. ఈతకి వచ్చినవాడికి మాత్రం ఆ రోజు పాడైనట్టే. ఎందుకు ఎగిరింది, ఏ కాలవ నుంచి వచ్చింది, ఎప్పుడు దిగుతుంది అని వాడు అడుగుతాడు. రెండో రోజూ అడుగుతాడు, మూడో రోజు పదిమందిని వెంటేసుకుని వెళ్ళి అడుగుతాడు. ఎవరిని అడగాలో తెలియక వాడు వెనక్కి తిరగకుండా, ఆఫీసు పేరు, ఫోన్ నంబరు కూడా ఆ పలక మీదే, కోలిఫాం అంకె పక్కనే రాయించండి.